ఎదురుకాళ్ళ కథ

మా పెద్దమామయ్య ఎదురుకాళ్ళతో పుట్టాడు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరికైనా నడుం పట్టేసిందంటే చాలు, పొద్దున్నే మా అమ్మమ్మగారింటి వీధరుగు మీదికి వచ్చి బోర్లా పడుకునేవారు. మామయ్య నోట్లో వేపపుల్లతోనే వచ్చి, ఎడమకాలితో ఆ నడుం మీద ముచ్చటగా మూడుసార్లు తట్టి, "ఇక లే బాబాయ్, పొలానికి పో" అనేవాడు. లేవగలిగినవాళ్ళు లేచి వెళ్ళేవారు. లేవలేనివాళ్ళు మూలుగుతూ ఇంటికి పోయి ఆముదం కాచి రాయించుకునేవారు. కానీ ఊరు చెప్పుకునేది లేచినవాళ్ళ గురించే!

వేసవి సెలవలకి వెళ్ళిన మా పిల్లమూకకి మామయ్య కాలంటే ఎంత అపురూపమో చెప్పలేను. మేమెవరమూ అలా పుట్టనందుకు కుళ్ళుకునేవాళ్ళం. ఆ కాలికి మహిమ ఉందో లేదో గాని, ఆ కాలు ముందుగా ఈ లోకంలోకి వచ్చిన రాత్రి మా అమ్మమ్మ ఏం పడిందో ఒక్కరం కూడా అడగలేదు. అడగాలని తట్టనైనా లేదు.

ఆ ప్రశ్న నాచేత అడిగించింది మా అక్క కూతురు. అక్కంటే సొంత అక్క కాదు, మా పెద్దమ్మ కూతురు. దాని పిల్ల పెళ్ళయి ఇంగ్లండులో ఉంటోంది. తొలి కాన్పు. ఆ దేశంలో ఇంటికే వచ్చి పురుడు పోసే చదువుకున్న మంత్రసానులున్నారట, ప్రభుత్వమే పంపిస్తుందట. నూటికి ఇద్దరు దాకా అలా ఇంట్లోనే కంటారట. ఇదీ అలాగే కందామని గది సర్దుకుంది. తీరా ముప్ఫై ఆరో వారంలో స్కానింగు చేస్తే, బిడ్డ తల పైకి పెట్టుకుని దర్జాగా కూర్చుని ఉంది.

"పిన్నీ, తాతమ్మ ఏడుగురినీ ఇంట్లోనే కనలేదూ? నడుం తన్నే తాతయ్య ఎదురుకాళ్ళతోనే పుట్టలేదూ? మరి నన్నెందుకింత భయపెడతారు? నువ్వు పుస్తకాలు చదువుతావుగా, చదివి చెప్పు" అంది ఫోన్లో.

నేను డాక్టర్ని కాను. కథలు రాసుకునేదాన్ని. కానీ పిల్ల అడిగాక కాదనలేకపోయాను. రెండు వారాలపాటు దొరికిందల్లా చదివాను. చదువుతూంటే ఇది ఒక్క ఇంటి కథ కాదనీ, రెండు వేల ఏళ్ళ కథనీ తెలిసింది.

ముందు అసలు సంగతేమిటో చెప్పుకుందాం. కడుపులో బిడ్డ ఏడో నెల వరకూ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ఇరవై ఎనిమిది వారాలప్పుడు చూస్తే నలుగురైదుగురిలో ఒకరు తల పైకి పెట్టుకునే కనిపిస్తారు. రోజులు దగ్గరపడేసరికి చాలామంది బుద్ధిగా తలకిందులవుతారు. నెలలు నిండాక కూడా తిరగని మొండిఘటాలు నూటికి ముగ్గురు, నలుగురు. వీళ్ళలోనూ రకాలున్నాయి. రెండు కాళ్ళూ ముఖం దాకా చాచి పిర్రలు ముందు పెట్టేవాళ్ళు కొందరు, బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్ళు కొందరు, ఒక పాదమో రెండు పాదాలో ముందుకి జాపేవాళ్ళు కొందరు.

ఇందులో ప్రమాదం ఏమిటంటారా? పసిపిల్లకి గౌను తొడిగేటప్పుడు చూడండి, మెడ దగ్గర తల పట్టిందంటే తక్కిన ఒళ్ళంతా సులువుగా దూరిపోతుంది. కాన్పులోనూ అంతే. బిడ్డ ఒంట్లో అన్నిటికంటే పెద్దదీ, గట్టిదీ తల. అది ముందు వస్తే దారి తీసి పెడుతుంది. ఎదురు కాన్పులో తల ఆఖరుకి మిగిలిపోతుంది. ఒళ్ళంతా బయటికి వచ్చాక తలో, పైకి లేచిన చెయ్యో చిక్కుకుందంటే, బొడ్డుతాడు నలిగిపోయి బిడ్డకి ఊపిరందదు. అప్పుడు చేతిలో ఉండేవి గంటలు కావు, నిమిషాలు. చాలా ఎదురు కాన్పులు సుఖంగానే అయిపోతాయి. కానీ చిక్కు వచ్చినప్పుడు అది ఆఖరి క్షణంలో వస్తుంది. అదీ దీనితో వచ్చిన చిక్కు.

ఎదురుకాళ్ళవాళ్ళకి మనమైతే వైద్యుడి పట్టం కట్టాం గాని, రోమనులు అలాంటి బిడ్డని చూసి భయపడేవారు. వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు క్రీ.శ. 79లో పోయిన ప్లినీ అనే పండితుడు, కాళ్ళు ముందుగా పుట్టడం ప్రకృతి విరుద్ధమని రాశాడు. అలా పుట్టినవాళ్ళకి అగ్రిప్పా అని పేరట. కష్టం మీద పుట్టినవాడని దానికి అర్థం చెప్పాడు. అగస్టస్ చక్రవర్తికి కుడిభుజంగా ఉండిన అగ్రిప్పా అలా పుట్టినవాడే. అలా పుట్టి కూడా సుఖపడ్డవాడు దాదాపు ఆయనొక్కడే అంటాడు ప్లినీ. ఆ అగ్రిప్పా మునిమనవడే నీరో చక్రవర్తి. అతనూ ఎదురుకాళ్ళతోనే పుట్టాడని అతని తల్లి అగ్రిప్పీనా స్వయంగా రాసుకుందట. ఎంత చక్రవర్తిని కన్నా తల్లికి గుర్తుండేది పురిటి రాత్రే కాబోలు. ఆ తల్లినే తర్వాత నీరో చంపించాడు. అది వేరే కథ.

మన సుశ్రుతుడు ఇలాంటి కాన్పుల్ని మూఢగర్భం కింద చెప్పాడు. శకునాల జోలికి పోకుండా, చేత్తో ఏం చెయ్యాలో చెప్పాడాయన. రెండు తొడలూ ముందుకి వస్తే మెల్లిగా కిందికి తియ్యమన్నాడు. ఒకటే వస్తే రెండోదాన్ని కూడా చాచి తియ్యమన్నాడు. పిరుదులు అడ్డం వస్తే వాటిని పైకి నెట్టి కాళ్ళు అందుకోమన్నాడు. చదువుతూంటే ఎవరో పెద్ద మంత్రసాని పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. ఇంతకంటే కష్టమైన పని మరొకటి లేదని ఒప్పుకుంటాడు కూడా. కంటికి కనిపించదు, వేలికి తగిలిందే ఆధారం. అంచేత ఆ పనికి పూనుకునేముందు అధిపతిని అడిగి మరీ చెయ్యమంటాడు.

అధిపతి అంటే రాజో, ఇంటి యజమానో. నేను అక్కడ ఆగిపోయాను. అడగడమన్నది అప్పటికే ఉందన్నమాట! నొప్పులు పడుతున్న మనిషిని తప్ప అందరినీ అడిగారన్నమాట!

యూరపులో పదహారో శతాబ్దంలో అంబ్రోయిస్ పారే అనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు, అడ్డం తిరిగిన బిడ్డని లోపలే తిప్పి కాళ్ళు పట్టి తియ్యడమనే పాత పద్ధతిని మళ్ళీ వాడుకలోకి తెచ్చాడు. చిత్రం చూశారా! మనం భయపడే కాళ్ళే ఆనాడు దిక్కయ్యాయి. అడ్డం తిరిగిన బిడ్డకి కాలు దొరికిందంటే తల్లి దక్కినట్టే. ఆ విద్యని ఒక స్త్రీ పుస్తకంగా రాసింది. ఆమె పేరు జస్టీన్ సీగ్మండ్, 1636లో పుట్టిన జర్మన్ మంత్రసాని. ఇరవయ్యేళ్ళప్పుడు ఆమెకి కడుపు లేకపోయినా కడుపుతో ఉందని మంత్రసానులు పొరబడి నానా హింసా పెట్టారు. ఆ కసితోనే తానే ఆ విద్య నేర్చుకుని బెర్లిన్ రాజాస్థానంలో మంత్రసాని అయింది. 1690లో బొమ్మలతో సహా పుస్తకం అచ్చు వేయించింది. తనకి పిల్లల్లేరు. ఆ తరంలోనే ఫ్రాన్సులో మోరిసో అనే వైద్యుడు, ఆఖరుకి మిగిలిన తలని ఎలా తియ్యాలో 1668లో తన పుస్తకంలో వర్ణించాడు. బిడ్డ నోట్లో వేలు పెట్టి గడ్డం కిందికి వంచడమే అందులో కీలకం. కొద్ది మార్పులతో ఈనాటికీ అదే నేర్పుతారు.

ఇక మా అమ్మాయికి చెప్పిన ముఖ్యమైన కథ ఇది. ఇంట్లో జరిగిన ఎదురు కాన్పే. కాకపోతే ఆ ఇల్లు బెర్లిన్‌లో ఒక రాజభవనం.

ఇంగ్లండు మహారాణి విక్టోరియా పెద్దకూతురి పేరు కూడా విక్టోరియాయే. ఇంట్లో విక్కీ అని పిలిచేవారు. 1858 జనవరిలో పదిహేడేళ్ళకి ఆమెని ప్రష్యా రాకుమారుడికిచ్చి పెళ్ళి చేశారు. ఏడాది తిరిగేసరికి పురుటికి సిద్ధమైంది. తల్లి దగ్గరికి పంపే వీలు లేదు. పుట్టబోయేవాడు ప్రష్యా వారసుడు, ప్రష్యాలోనే పుట్టాలి. అంచేత ఆ తల్లి లండన్ నుంచి తన నమ్మకమైన వైద్యుడు సర్ జేమ్స్ క్లార్క్‌నీ, ఒక మంత్రసానినీ బెర్లిన్‌కి పంపించింది. కూతురు పుట్టింటికి రాలేనప్పుడు ఏ తల్లయినా ఊరగాయ జాడీలతో సహా మనిషిని పంపదూ? రాణీగారూ అంతే.

1859 జనవరి 26 రాత్రి నొప్పులు మొదలయ్యాయి. ప్రసూతి విద్యలో పేరుపడ్డ ఆచార్యుడు ఎడ్వర్డ్ మార్టిన్ అదే ఊళ్ళో ఉన్నాడు. ఆయన్ని రమ్మని రాజవైద్యుడు చీటీ రాసిచ్చాడు. చేతికి అందించాల్సిన ఆ చీటీ టపాలో పడింది. తెల్లవారి తన ఉత్తరాల కట్టలో దాన్ని చూసుకుని మార్టిన్ పరుగున వచ్చేసరికి ఆ పిల్ల రాత్రంతా నొప్పులు పడి సొమ్మసిల్లి ఉంది. బిడ్డ ఎదురుగా ఉందన్న సంగతి తేలింది. అప్పటికే ఆలస్యమైంది. క్లోరోఫారం ఇచ్చారు. మధ్యాహ్నం మూడు కావస్తూండగా, తల పక్కగా పైకి లేచిపోయిన ఎడమచేతిని కిందికి లాగి, బిడ్డని బయటికి తీశారు. బిడ్డలో కదలిక లేదు. మంత్రసాని వీపు మీద చరిచి చరిచి చివరికి ఏడిపించింది. బయట నూట ఒక్క ఫిరంగులు మోగాయి.

మూడు నాలుగు రోజుల తర్వాతగాని ఆ ఎడమచెయ్యి కదలడం లేదని ఎవరూ గమనించలేదు. లాగినప్పుడు మెడ దగ్గర నరాలు దెబ్బతిన్నాయి. ఆ బిడ్డే తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ చక్రవర్తి కైజర్ రెండో విల్‌హెల్మ్. ఆ చెయ్యి కుడిచేతి కన్నా ఆరంగుళాల దాకా పొట్టిగా ఉండిపోయింది. చిన్నప్పుడు మంచి చెయ్యి కట్టేసి చూశారు, కరెంటు పెట్టి చూశారు, అప్పుడే కోసిన కుందేలు కళేబరంలో ఆ చెయ్యి పెట్టి ఉంచారు. ఏదీ పనిచెయ్యలేదు. ఆయన ఫోటోలు చూడండి, ఎడమచెయ్యి కత్తిపిడి మీదో, చేతితొడుగులు పట్టుకునో, కనపడీ కనపడకుండా ఉంటుంది. ఆ చెయ్యి వల్లే యుద్ధం వచ్చిందనడం మరీ అతిశయోక్తి. కానీ ఆ తల్లి తన అమ్మకి రాసుకున్న ఉత్తరాల్లో ఆ చెయ్యి గురించిన దిగులు ఏళ్ళ తరబడి కనిపిస్తుంది. తల్లీకొడుకుల మధ్య ఎడం కూడా పెరుగుతూనే వచ్చింది.

ఒక్కటి గమనించండి. ఆ గదిలో డబ్బుకి లోటు లేదు. పేరున్న డాక్టర్లున్నారు, మత్తుమందుంది, రెండు రాజ్యాల మంత్రసానులున్నారు. లేనిది మరో దారి. బిడ్డ ఎలా కూర్చుందో ముందుగా తెలిసే సాధనం లేదు. తెలిసినా, ఆ రోజుల్లో కడుపు కోసి బిడ్డని తీస్తే తల్లి దక్కడం అరుదు. కోసిన గర్భసంచిని చక్కగా కుట్టే పద్ధతిని మాక్స్ సేంగర్ చెప్పింది 1882లో. కడుపులో బిడ్డని ధ్వని తరంగాలతో చూడవచ్చని గ్లాస్గోలో అయన్ డోనాల్డ్ ప్రకటించింది 1958లో. నిర్ణయం అనాలంటే రెండు దారులుండాలి. విక్కీకి ఒకటే దారి. అంచేత ఆవిడ ఇంట్లో కనాలని నిర్ణయించుకోలేదు. ఇంట్లో కన్నది, అంతే.

ఆ విక్టోరియా రాణి కథ మన దేశానికీ తగిలింది. మధ్య భారతంలోని పన్నా మహారాణి, తనకి వైద్యం చేసిన మిషనరీ ఎలిజబెత్ బీల్బీ చేత, మగ డాక్టరు ముందుకి రాలేని మన ఆడవాళ్ళ అవస్థ ఒక చిన్న కాగితం మీద రాయించింది. లాకెట్‌లో పెట్టి రాణీగారి చేతికే ఇమ్మని పంపింది. 1881లో అది రాణికి చేరింది. కూతురి పురుటి కబురు కోసం సముద్రానికి ఇవతల కాచుకున్న తల్లి కదా, అర్థమై ఉంటుంది. 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేర నిధి ఏర్పడింది. జనానా ఆసుపత్రులు వెలిశాయి. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఈనాటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. అంతకుముందే, 1883లో, అన్నా కూగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ గుంటూరు వచ్చింది. 1898లో ఆవిడ ఆసుపత్రి తెరిచింది.

ఆసుపత్రులు వచ్చాయి గాని ఆడవాళ్ళు ఎక్కడ వచ్చారు? పురుడంటే పుట్టిల్లు, పుట్టిల్లంటే వెనకవసారా, నులకమంచం, వేడినీళ్ళు, మంత్రసాని. మా అమ్మమ్మదీ అదే లోకం. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. అంచేత పెద్దమ్మని అడిగాను. పెద్దమ్మకి ఎనభై దాటాయి. మామయ్య పుట్టినప్పుడు తనకి నాలుగేళ్ళు. అది 1946.

"నాకేం గుర్తుంటుందే, అమ్మ చెప్పగా విన్నదే. కాళ్ళు కనపడగానే మీ తాతమ్మ ఏడుపు మొదలెట్టిందట. మంత్రసాని మాత్రం చెయ్యి వెయ్యనియ్యలేదట ఎవర్నీ. దూలానికి చేంతాడు కట్టి, అది పట్టుకుని గొంతుకిలా కూర్చోమందట. లాగితే తల పైకి పోతుంది, తనంతట తాను రానీ అందట. అలాగే వచ్చాడు వాడు" అంది.

ఆ తర్వాత పెద్దమ్మ కాసేపు ఊరుకుని, "వాడి తర్వాత మూడేళ్ళకి ఒక ఆడపిల్ల. అదీ అంతే, కాళ్ళే. మంత్రసానీ ఆవిడే, చేంతాడూ అదే. తల రాలేదు" అంది.

నేను తెల్లబోయాను. ఇన్నేళ్ళలో ఆ పిల్ల ప్రస్తావన ఎవరూ తేలేదు. అమ్మమ్మకి ఏడుగురు పిల్లలని చెప్పుకుంటాం. ఎనిమిదిమందన్నమాట!

"మరి ఆసుపత్రికి తీసికెళ్ళలేదా పెద్దమ్మా?"

"ఎక్కడికే? గుడివాడకి బండి కట్టుకుని వెళ్ళేసరికి తెల్లవారదూ? అయినా మొదటివాడు దక్కలేదూ, ఇదీ దక్కుతుందనుకున్నారు. మమ్మల్నెవరడిగారు? నొప్పులొస్తే మంత్రసానికి కబురెళ్ళేది. అంతే."

మామయ్య కాలి మహిమ ఊరంతటికీ తెలుసు. ఆ పిల్ల సంగతి పెద్దమ్మ ఒక్కతికే తెలుసు. లేచినవాళ్ళ గురించే కదా ఊరు చెప్పుకునేది!

"మన అమ్మమ్మలందరూ ఇంట్లోనే కనలేదా" అని మనం ధీమాగా అంటూంటాం. కన్నారు. వాళ్ళు కని బతికించిన పిల్లల పిల్లలమే కనక మనం ఉండి ఆ మాట అంటున్నాం. అనలేనివాళ్ళు మనకి కనిపించరు.

అలాగని ఆ మంత్రసానికి ఏమీ తెలియదని నేననను. ఆవిడకి తెలిసింది ఈనాటి పెద్ద డాక్టర్లకి మళ్ళీ తెలిసొస్తోంది. 1930లలో జర్మనీలో ఎరిక్ బ్రాక్ట్ అనే వైద్యుడు, ఎదురు కాన్పులో లాగకూడదు, వస్తూన్న బిడ్డని ఊరికే ఆనుకుని వెళ్ళాలి అని బోధించాడు. నార్వేలో లోవ్‌సెట్ 1937లో, పైకి లేచిన చేతుల్ని లాగకుండా, బిడ్డ ఒంటిని మెల్లగా తిప్పి తెచ్చే పద్ధతి చెప్పాడు. ఆ మాట డెబ్భై ఎనిమిదేళ్ళ ముందు బెర్లిన్‌లో ఎవరికైనా తెలిసి ఉంటే! ఇంగ్లండులో మేరీ క్రాంక్ అనే మంత్రసాని, ఎదురు కాన్పులో చేతులు దూరంగా పెట్టండి అని జీవితమంతా చెప్పి చెప్పి 2018లో కన్నుమూసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫ్రాంక్ లౌవెన్ అనే డాక్టరు, తల్లిని వెల్లకిలా పడుకోబెట్టకుండా మోకాళ్ళ మీదో నిటారుగానో ఉంచితే మేలని 2017లో తన అనుభవాన్ని ప్రచురించాడు. మా దూలమూ చేంతాడూ గుర్తొచ్చాయి. అయితే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆ దూలానికి పక్కగదిలో ఆపరేషన్ బల్ల ఉంది. మా ఊళ్ళో లేదు.

సల్ఫా మందులూ, పెన్సిలినూ, రక్తం ఎక్కించడమూ వచ్చాక సిజేరియన్ మీద భయం తగ్గింది. 1959లో రైట్ అనే అమెరికన్ డాక్టరు ఎదురుకాళ్ళ బిడ్డలందరికీ ఆపరేషనే చేస్తే పోలా అన్నాడు. వాదోపవాదాలు నలభై ఏళ్ళు నడిచాయి. చివరికి కెనడా డాక్టరు మేరీ హన్నా ఆధ్వర్యంలో 26 దేశాల్లోని 121 ఆసుపత్రుల్లో 2,088 మంది గర్భిణుల్ని చీటీ వేసినట్టు రెండుగా విడదీసి చూశారు. 2000లో ఫలితం వచ్చింది. మామూలు కాన్పుకని ఎంచినవాళ్ళలో నూటికి 5 మంది బిడ్డలకి మరణమో, తీవ్రమైన హానో జరిగింది. ఆపరేషన్‌కని ఎంచినవాళ్ళలో అది 1.6. దాంతో ప్రపంచమంతటా తలుపులు మూసుకున్నట్టయింది. ఎదురుకాళ్ళంటే ఆపరేషనే.

కథ అక్కడితో అయిపోలేదు. అదే పిల్లల్లో కొందరిని రెండేళ్ళ వయసులో మళ్ళీ చూస్తే, మరణాలూ ఎదుగుదల లోపాలూ కలిపి లెక్కవేసినా రెండు గుంపుల మధ్యా తేడా కనిపించలేదని 2004లో తేలింది. 2006లో ఫ్రాన్సు, బెల్జియం దేశాల 174 ఆసుపత్రుల్లో 8,105 మందిని చూసి, తల్లినీ బిడ్డనీ జాగ్రత్తగా ఎంచుకుని, చెయ్యి తిరిగిన మనుషులుంటే పెద్ద తేడా లేదన్నారు. బ్రిటిష్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2017లో లెక్క తేల్చి చెప్పింది. ముందుగా అనుకుని ఆపరేషన్ చేస్తే రెండు వేల మందికి ఒక బిడ్డ దక్కదు. ఎదురుకాళ్ళతో మామూలు కాన్పుకి వెళితే వెయ్యికి ఇద్దరు. తల ముందున్న మామూలు కాన్పులోనే వెయ్యికి ఒకరు. భయపడాల్సినంతా లేదు, నిర్లక్ష్యం చెయ్యాల్సినంతా లేదు.

కానీ ఈ లెక్కలన్నీ ఆసుపత్రి లెక్కలు. ఇంటి లెక్కలు కావు. పైగా 2000 తర్వాత అందరూ కత్తి పట్టుకోవడంతో, ఎదురు కాన్పు చెయ్యగలిగిన చేతులు ఆసుపత్రుల్లోనే కరువయ్యాయి. కొత్త డాక్టర్లలో చాలామంది దాన్ని బొమ్మ మీద నేర్చుకున్నవాళ్ళే. ఇక ఇంటికి వచ్చే మనిషికి ఆ చెయ్యి ఉండాలంటే ఎంత అదృష్టం కావాలి!

మన ఇళ్ళలో సంగతి దీనికి తిరగేసినట్టుంది. దేశంలో ఆసుపత్రి కాన్పులు 2005-06లో నూటికి 38.7 ఉంటే, 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకి 88.6కి చేరాయి. మంచిదే. కానీ అదే సర్వేలో సిజేరియన్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4, తెలంగాణలో 60.7. బిడ్డ ఎలా ఉన్నా మన అమ్మాయిలకి తేదీ రాసిచ్చేస్తున్నారు. ముహూర్తం మాత్రం మనల్నే పెట్టుకోమంటున్నారు. కోసిన ప్రతి కడుపుకీ మలి కాన్పులో మాయ కిందికి దిగడం, పాత గాటుకి అంటుకుపోవడం, కుట్టు విడిపోవడం లాంటి భయాలు కొన్ని వెంట వస్తాయి. ఆ మాట ఎంతమందికి విడమరిచి చెబుతున్నారు? సుశ్రుతుడి కాలంలో అధిపతిని అడిగారు. ఇప్పుడు మొగుడి చేత సంతకం పెట్టిస్తారు. నొప్పి పడే మనిషిని కూర్చోబెట్టి, "అమ్మా, ఇదీ సంగతి, ఇవీ దారులు, నీకేది ఇష్టం?" అనడం ఇంకా అలవాటు కాలేదు.

మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. ఆడపిల్ల సంగతి చెప్పాలా వద్దా అని ఒక రాత్రంతా ఆలోచించాను. నిండు నెలల పిల్లకి అలాంటి మాట చెప్పకూడదంటారు. కానీ మామయ్య కథ నమ్ముకుని నిర్ణయం తీసుకోబోతోంది. కథలో సగం దాచి సలహా చెప్పడం మోసం కాదూ? చెప్పాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే తాతమ్మకి ఇల్లు ఇష్టమై కాదన్నమాట" అంది.

"ఇల్లు తప్ప మరోటి లేక" అన్నాను. "మంచి చెయ్యి ఉంటే ఇల్లయినా ఒకటే, ఆసుపత్రయినా ఒకటే అనుకున్నాను మొదట్లో. కాదమ్మా. మా మంత్రసానిది మంచి చెయ్యే. ఆ రాత్రి ఆ చేతికి తోడు కావలసింది పక్కగదిలో లేకపోయింది. నన్నడిగితే ఎదురుకాళ్ళ బిడ్డని ఇంట్లో కనమని చెప్పలేను. కానీ కనేది నువ్వు. నిర్ణయం నీది."

పొట్ట మీద చేతులతో నెమ్మదిగా బిడ్డని తిప్పే పద్ధతి ఒకటుంది. సగంమందికి ఫలిస్తుంది. ముందు అది చేయించుకుంది. మా పిల్ల కడుపులో పిల్ల వినలేదు. అక్కడి ఆసుపత్రివాళ్ళని, ఎదురు కాన్పులు చేసిన అనుభవం మీలో ఎందరికుంది, నా నొప్పులు వచ్చే రాత్రి వాళ్ళు ఉంటారని హామీ ఇవ్వగలరా అని అడిగింది. వాళ్ళూ దాచకుండా, ఇవ్వలేమని చెప్పారట. ఆ మాట మీద ఆపరేషన్‌కి ఒప్పుకుంది. భర్తో, అత్తగారో, నేనో కాదు, తానే చెప్పింది. ఆ రాత్రి సర్దిపెట్టుకున్న గదిలో కూర్చుని ఏడ్చిందని అక్క చెప్పింది. ఏడవనీ. తెలిసి వదులుకున్నది ఏదైనా ఉంటే దానికి ఏడుపు రాదూ? మా అమ్మమ్మకి ఆ ఏడుపుకి కూడా వీలు లేకపోయింది.

ముప్ఫై తొమ్మిదో వారంలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఫోన్లో పిల్లని చూపించారు. ఇంకా కాళ్ళు రెండూ ముఖం దాకా ముడుచుకునే ఉంది, మొండిఘటం.

పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకుని ఆ కాళ్ళకేసి అదేపనిగా చూసింది. ఎనిమిదో పిల్లని తలుచుకుంటోందేమోనని నాకు గుండె పట్టేసినట్టయింది. కాదు.

"ఇదిగో, నాకో సందేహం" అంది పెద్దమ్మ. "పొట్ట కోసి తీశారు కదా, కాళ్ళు ముందొచ్చినట్టు లెక్కా, కాదా? నా నడుం నొప్పికి ఈ కాలు పనిచేస్తుందా, చెయ్యదా? మీ డాక్టర్లని కనుక్కుని చెప్పండి."

అందరం నవ్వాం. రెండు వేల ఏళ్ళ చరిత్ర తిరగేసినా ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం నాకు జవాబు దొరకలేదు.